డొల్ల చప్పుడు

ఆ వీధిలో ఎవరింటి గచ్చు కుంగినా జాకీ మామకే కబురు వెళ్ళేది. ఆయన అసలు పేరు భార్యకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఆమె కూడా ఒళ్ళు మండినప్పుడే దాన్ని బయటికి తీసేది. చక్రం ఊడిన బండిని జాకీ పెట్టి లేపినట్టు ఆయన కుంగిపోయిన సిమెంటు పలకల్ని లేపుతాడు గనక ఆ పేరు స్థిరపడిపోయింది.

ఒకప్పుడు పెద్ద పెద్ద కట్టడాల మీద తాపీపని చేసేవాడు. పరంజా మీదనుంచి పడి కాలు వంకరైంది. ఆ తర్వాత ఎత్తులకి ఓ దణ్ణం పెట్టి నేల మీది పనికి దిగాడు. "నేల మీద పనిచేసేవాడు ఇంకెక్కడికి పడతాడే?" అని భార్యతో వేళాకోళం ఆడేవాడు. ఆమెకి ఆ మాట ఎప్పుడూ నచ్చేది కాదు.

పని చూడటానికి గారడీలా ఉండేది. పలక మీద అక్కడక్కడా వేలు పట్టేంత కన్నాలు వేసి, గొట్టం దూర్చి, మెత్తటి మట్టీ సిమెంటూ కలిపిన జావని పంపుతో లోపలికి కొట్టించేవాడు. పంపు దగ్గర ఎప్పుడూ భార్యే. ఆయన బోర్లా పడుకుని, పలక మీద పెట్టిన రసమట్టంలో బుడగనే చూస్తూ ఉండేవాడు. కింద ఖాళీ నిండగానే అంత బరువు పలకా నిద్రలో ఒత్తిగిలిన మనిషిలా మెల్లగా పైకి లేచేది. బుడగ నడిమికి రాగానే ఆయన చెయ్యెత్తేవాడు. ఆమె పంపు ఆపేది. చుట్టూ మూగిన జనం "భలే మామా!" అనేవారు. ఆ మాట కోసమే ఆయన కన్నాలు పూడ్చడం కాస్త ఆలస్యం చేసేవాడని భార్య అనేది.

ఇస్త్రీ చేసేవాడి ఇంటి వెనక పలకని కూడా అలాగే లేపాడు. వంటగది తలుపుకీ బట్టలుతికే బండకీ మధ్య ఉన్న పలక అది. గోడవైపు ఒరిగిపోయి, ఉతికిన నీళ్ళు కాలవలోకి పోకుండా గుమ్మంలోకి వస్తున్నాయని ఇస్త్రీ అతని భార్య గోల పెట్టింది. ఓ పూట పనితో అది మట్టానికి వచ్చింది. కొన్ని వారాలకే మళ్ళీ కుంగింది.

"మొండి ఘటంలా ఉంది. దీని సంగతి నేను చూస్తాగా," అన్నాడు జాకీ మామ నవ్వుతూ.

ఆ రెండోసారి పలక ఎంతకీ లేవలేదు. కలిపిన జావంతా అడుగులేని కుండలో పోసినట్టు పోతోంది. ఆయన పంపు ఆపించి చెవి పలకకి ఆనించాడు. ఎక్కడో లోతుగా, సన్నగా, నీళ్ళు పారుతున్న చప్పుడు. ఊపిరి బిగబట్టి విన్నాడు. పక్కింటి కుళాయి అయ్యుంటుందని మనసుకి నచ్చజెప్పుకున్నాడు. పక్కింటివాళ్ళ పెరట్లో ఎవరూ లేరని గోడ మీదనుంచి కనిపిస్తూనే ఉంది.

"ఏమైంది? ఆపించావేం?" అంది భార్య.

"ఏం లేదులే. కాస్త చిక్కగా కలుపు."

చివరికి పలక లేచింది. ఇస్త్రీ అతను చూస్తూ ఉండగా జాకీ మామ దాని మీదెక్కి రెండు కాళ్ళతో గెంతి చూపించాడు. "ఈసారి కుంగితే నా పేరు మార్చుకుంటా," అన్నాడు. ఆ రోజు తిరిగొస్తూ దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి ఆ ఇంటివైపు చూశాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో చిన్న చిన్న సంగతులు మొదలయ్యాయి. వంటగది వెనక తలుపు పడటం మానేసింది. ఉతికిన నీళ్ళు ఇప్పుడు గుమ్మంలోకీ రావడంలేదు, కాలవలోకీ పోవడంలేదు. పలక అంచు దగ్గర గుటకేసినట్టు చప్పుడు చేసి మాయమైపోతున్నాయి. వెనక గదిలో పడుకునే ఇస్త్రీ అతని తల్లి "నా మంచం గోడవైపు దొర్లిపోతోందిరా" అని కొడుకు దగ్గర సణిగింది. అతను నవ్వి, ఓ మంచంకోడు కింద ఇటుక పెట్టాడు. కొన్నాళ్ళకి ముసలమ్మ మళ్ళీ అదే మాట అంది. అతను ఇంకో ఇటుక పెట్టాడు.

కోడలు మాత్రం ఊరుకోలేదు. జాకీ మామ ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడింది. "మామా, ఓసారి వచ్చి చూడు. నాకేదో భయంగా ఉంది."

ఆ మధ్యాహ్నం ఆయన పంపు తీసుకెళ్ళలేదు. గునపం, సుత్తి మాత్రం పట్టుకెళ్ళాడు. పలక మీద సుత్తితో కొట్టాడు. ఖంగుమనాల్సింది కాస్తా ఖాళీ డబ్బాలా డొల్లగా మోగింది. వంటింటి గుమ్మం మీద కొట్టాడు. అక్కడా అదే చప్పుడు. లోపల పొయ్యి పక్కన కొట్టాడు. ఇంక కొట్టలేదు.

బయటికొచ్చి గునపం పలక మూల కింద దూర్చి పైకెత్తాడు. వెంట వచ్చిన భార్య రాయి అడ్డం పెట్టింది. లోపలినుంచి చల్లటి గాలి ఆయన మొహానికి కొట్టింది, తడిమట్టి వాసనతో. తను రెండుసార్లు పంపిన జావ గట్టిపడి, పెనానికి అంటుకున్న మాడులా పలక అడుగున వేలాడుతోంది. దాని కింద ఏమీ లేదు. ఆయన ఓ గులకరాయి వదిలాడు. వెంటనే చప్పుడు రాలేదు. వచ్చినప్పుడు నీళ్ళలో పడ్డ చప్పుడు.

టార్చి వేసి, తల వంచి చూశాడు. నోరు తెరుచుకున్న ఆ ఖాళీ వంటగది కిందుగా, ముసలమ్మ గది కిందుగా చీకట్లోకి పోతోంది. గోడ పునాదిరాళ్ళు కొన్ని కింద ఆసరా లేకుండా ఊరికే అలా అంటిపెట్టుకుని ఉన్నాయి.

భార్య ఆయన మొహం చూసింది. "ముందు వాళ్ళని బయటికి పిలువు," అంది.

ఇస్త్రీ అతను ముందు గదిలో బల్ల దగ్గరున్నాడు. చుట్టూ, వెనక గది గుమ్మందాకా ఊళ్ళోవాళ్ళ బట్టల మూటలు. జాకీ మామ చెప్పింది విని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు.

"ఇల్లు ఖాళీ చెయ్యాలా? ఇప్పటికిప్పుడు? రెండుసార్లు బాగుచేసింది నువ్వే కదా మామా! పలక మీద గెంతావు కూడా. నీకు చేతకాలేదని మేం రోడ్డున పడాలా?"

జాకీ మామ చేతిలో సుత్తి కింద పెట్టాడు. "పోయినసారి కింద నీళ్ళు పారుతున్న చప్పుడు విన్నాను. వినీ కప్పెట్టేశాను. నన్ను తర్వాత తిడుదువుగాని. ముందు అమ్మని బయటికి తీసుకురా."

అతను కొట్టడానికన్నట్టు ఓ అడుగు ముందుకేశాడు. అంతలో అతని భార్య మధ్యలోకొచ్చింది. "తిట్లన్నీ వీధిలో నిలబడి తిట్టుకోండి. అత్తయ్య లోపలుంది," అని వెనక గదివైపు పరిగెత్తింది.

ముసలమ్మ కదలనంది. "ఇటుకలు పెట్టాడుగా నా కొడుకు. ఇంకేం కావాలి? నేనెక్కడికీ రాను." బతిమాలే టైము లేదు. జాకీ మామ ఓ వైపు, కొడుకు ఓ వైపు మంచాన్ని ముసలమ్మతో సహా ఎత్తారు. వంకర కాలు ఆయన్ని ముందుకి తోస్తోంది. ముందు గది గుమ్మంలో మంచం ఇరుక్కుంది. వంచితే గాని రాదు. "నన్ను బతికుండగానే మోసుకుపోతున్నార్రా!" అని ఆమె అరుస్తుంటే వీధిలోవాళ్ళు నవ్వారు. ఎదురింటి చావిట్లో మంచం దింపేదాకా ఆ నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి.

అప్పుడు ఇస్త్రీ అతనికి మూటలు గుర్తొచ్చాయి. "ఊళ్ళోవాళ్ళ బట్టలు," అంటూ వెనక్కి పరిగెత్తాడు. జాకీ మామ చొక్కా పట్టుకున్నాడు గాని అది చిరిగి చేతిలో ముక్క మిగిలింది.

ఆ చప్పుడు పెద్దగా ఏమీ లేదు. ఎవరో పొడుగ్గా ఊపిరి లోపలికి పీల్చినట్టు వచ్చిందంతే. వంటగది నేల ముందు దిగింది. గోడ ఏం చెయ్యాలో తోచనట్టు క్షణం నిలబడి దాని వెనకే వెళ్ళింది. వెనక గది కప్పు అందులోకి కూలింది. దుమ్ము వీధిలోకి కొట్టింది. నవ్వేవాళ్ళ నోళ్ళు అలాగే తెరుచుకుని ఉండిపోయాయి.

దుమ్ములోంచి ఇస్త్రీ అతను నడిచొచ్చాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. చేతిలో మూట ముడి మాత్రం ఉంది, మూట లేదు. ముందు గది, వెనక గది మధ్య గుమ్మంలో అతను నిలబడి ఉండగా అవతల నేల వెళ్ళిపోయిందట. ఆ మాట అతను చెప్పడానికి చాలా రోజులు పట్టింది. అప్పటినుంచి అతను ఏ గదిలోనూ స్థిమితంగా నిలబడలేకపోయాడు. ఇస్త్రీ బల్ల చెట్టు కిందికి మార్చుకున్నాడు. అప్పుడప్పుడు పని ఆపి కాళ్ళవైపు చూసుకునేవాడు. జాకీ మామని తిట్టనూ లేదు, పలకరించనూ లేదు.

నీళ్ళ గొట్టాలవాళ్ళు వచ్చి వీధి తవ్వారు. భూమిలో పాత గొట్టం ఎప్పుడో పగిలి, కారిన నీళ్ళు మట్టినంతా కోసుకుంటూ అడుగున విరిగిన మురుగు కాలవలోకి తోసేస్తున్నాయని తేల్చారు. గొట్టం మార్చి, గొయ్యి పూడ్చి, "ఇంక భయం లేదు" అని వెళ్ళిపోయారు. పోయిన మట్టి ఎవరెవరి ఇళ్ళ కిందనుంచి పోయిందో వాళ్ళు చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

జాకీ మామకి మాత్రం తిండి సయించలేదు. సుత్తి పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలెట్టాడు. మొదట అందరూ రమ్మన్నారు. కూరలమ్మే ఆవిడ ఇంట్లో డొల్ల. ఎదురు వరసలో దర్జీ ఇంటి పెరట్లో డొల్ల. దాంతో జనం చూపు మారింది. ఆయన కుంటుకుంటూ వస్తుంటే తలుపులు పడేవి. "మా నేల నిక్షేపంలా ఉంది. నువ్వొచ్చి కొట్టాకే పగిలేట్టుంది," అంది మేడింటావిడ గేటు లోపలినుంచి. పాత పేరు పోయి డొల్ల మామ అనే పేరొచ్చింది.

"మనకెందుకయ్యా ఊరిమీద పెత్తనం?" అంది భార్య.

"విని ఊరుకుంటే ఏమైందో చూశావుగా."

మర్నాటినుంచి గునపం ఆమే మోసుకుంటూ వెంట నడిచింది.

వేసవి మధ్యలో మేడింటావిడే వాళ్ళ గుమ్మంలోకొచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. కొంగు చేత్తో నలుపుకుంటూ, "మూల గదిలో నేల మంచులా చల్లగా ఉంటోంది మామా. ఇంత ఎండలో కూడా," అంది.

"పిల్లలెక్కడున్నారు?"

"ఆ గదిలోనే ఆడుకుంటున్నారు."

ఆయన చెప్పులు కూడా తొడుక్కోలేదు. వంకర కాలితో ఆయన అంత వేగంగా నడవగలడని భార్యకే తెలీదు. పిల్లల్ని బయటికి తెచ్చాక గచ్చు మూల పగలగొట్టి చూశారు. ఖాళీ ఉంది గాని పొడిగా ఉంది, నీళ్ళు లేవు. పునాది ఇంకా నిలబడే ఉంది. జాకీ మామా భార్యా కూలీల్ని పెట్టుకుని రాళ్ళు పేర్చి, కాంక్రీటు పోసి, ఆ గోతిని నింపారు. ఆ ఇల్లు నిలబడింది.

అయితే ఆఖరి మూల పూడ్చే ముందు ఆయన అందులోకి వంగి టార్చి వేశాడు. ఆ ఖాళీ అక్కడితో ఆగలేదు. ప్రహరీ గోడ కిందుగా పక్కింటివైపు పోతోంది. అటునుంచి తడిమట్టి వాసన వస్తోంది.

పక్కింటి గేటుకి తాళం ఉంది. వాళ్ళు పొద్దున్నే ఎక్కడికో వెళ్ళారనీ ఎప్పుడొస్తారో తెలీదనీ ఎవరో అన్నారు. జాకీ మామ గేటు కొట్టాడు. పిలిచాడు. ఆఖరికి ఆ గేటుకి అడ్డంగా నేలమీద కూర్చున్నాడు. భార్య వచ్చి మంచినీళ్ళ సీసా చేతికిచ్చి పక్కనే కూలబడింది.

"వాళ్ళొస్తే ఏం చెబుతావు?"

"లోపలికి వెళ్ళొద్దని చెబుతా."

"వినకపోతే?"

ఆయన వీపు గేటుకి ఇంకా గట్టిగా ఆనించాడు. ఎండ గోడమీదనుంచి దిగిపోతోంది. వీధి మలుపులో ఏ అడుగుల చప్పుడు వినిపించినా ఇద్దరూ లేచి నిలబడుతున్నారు.