మందలో ఒకటి ఎక్కువ

ఆ రోజుల్లో నేను గుర్రాన్ని దగ్గరగా చూసింది పెళ్లి బరాత్‌లలోనే. అయినా కౌబాయ్‌ల గురించి నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. తార్నాకలో మా డాబా మీద కూర్చుని, తుపాకులూ ఎడారులూ రక్తపిశాచులూ మంత్రగత్తెలూ అన్నీ కలిపి ఒక ఆట తయారుచేశాను. అట్టముక్కలు, పాచికలు, పన్నెండు పేజీల నియమాలు. (ఆ నియమాలు నాకే పూర్తిగా అర్థమయ్యేవి కావు.)

ఆ ఆటను మొదట చూసింది యూనివర్సిటీలో నా క్లాస్‌మేట్. హాస్టల్ మంచం మీద నుంచి మే నెలలో కూడా గొంగడి తీసేవాడు కాదు కనుక వాడి పేరే గొంగడి అయిపోయింది. అంతా ఓపిగ్గా విని, "కౌబాయ్ అంటే ఏంది ర? పసులు కాసేటోడే గదా. ఏడో తరగతి దాంక నేను గదే చేసిన," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి వాళ్ల ఊరి ముచ్చట ఒకటి చెప్పాడు. "పొద్దుమూకంగ బర్లను తోలుకొస్తం గదా, లెక్కవెడితే ఒక్కోపాలి ఒకటి ఎక్కువొస్తది. గది ఏదో ఎతకొద్దు. ఎతికితే తెల్లారి ఇంట్ల ఒక మనిషి తక్కువైతడు."

నాకు ఒళ్లు జలదరించింది. కానీ ఒప్పుకుంటానా? "కౌబాయ్ ఆటలో బర్రెలేంట్రా, నవ్వుతారు," అని కొట్టిపారేశాను.

డిపార్ట్‌మెంట్‌లో కొత్త ఆటల పోటీ రోజు నా నియమాలు మూడో పేజీకి వచ్చేసరికి సగం మంది ఆవలిస్తున్నారు, మిగతా సగం సమోసాలకు లేచారు. కంగారులో నోటికొచ్చింది చెప్పేశాను, అదే, గొంగడి చెప్పిన బర్రెల కథ. సమోసాలకు లేచినవాళ్లు మళ్లీ కూర్చున్నారు. న్యాయనిర్ణేతగా వచ్చిన మేడమ్ ముందుకు వంగి, "చాలా బాగుంది. ఎవరి ఆలోచన?" అని అడిగారు. గొంగడి మొదటి వరసలోనే ఉన్నాడు. వాడి వైపు చెయ్యి చూపిస్తే సరిపోయేది.

"నాదే మేడమ్," అన్నాను.

"అవునా! మరి కదిలే మందను ఎలా లెక్కపెడతారు?"

"కొమ్ములు లెక్కపెట్టి రెండుతో భాగిస్తాం మేడమ్."

హాలంతా పగలబడి నవ్వింది. గొంగడి మాత్రం నవ్వలేదు. అయినా బహుమతి నాకే వచ్చింది. బయటికొచ్చాక వాడు నెమ్మదిగా, "దొడ్లకు ఒక్కొక్కదాన్ని ఇడుసుకుంట లెక్కవెడ్తరు. అడిగితే చెప్తుంటి గద ర. గా బర్ల కథ మా తాత చెప్పిన ముచ్చట," అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఎన్నిసార్లు కథ చెప్పమన్నా, "ఏమున్నయ్ ర, అన్ని మర్చిపోయిన," అనేవాడు.

ఇప్పుడు ఎడారిలో దయ్యాలు తిరిగే ఆటలు కావలసినన్ని. ఆదివారం మధ్యాహ్నాలు నేనూ ఆడతాను. ఒక్కటీ ఆ బర్రె అంత భయపెట్టలేదు. పోయిన నెల తార్నాక మెట్రో స్టేషన్‌లో గొంగడి ఎదురయ్యాడు. గట్టిగా కావలించుకున్నాడు. "మా బిడ్డకు దయ్యాల కథలంటే పానం ర. తాత చెప్పినయన్ని ఒక్కటి ఇడువకుండ చెప్తున్న," అని మురిసిపోయాడు. క్షమాపణ నాలుక చివరిదాకా వచ్చింది. నేనేమో, "జుట్టు బాగా పోయిందిరా నీకు," అన్నాను. వాడు నవ్వుతూ రైలెక్కేశాడు.

తలుపులు మూసుకున్నాక, "ఆ కథ నాదని చెప్పకుండా ఉండాల్సిందిరా," అని పైకే అనేశాను. పక్కనున్నావిడ బ్యాగు దగ్గరికి లాక్కుని రెండడుగులు జరిగింది. ఈ వయసులో కూడా సరైన మాట తప్పు మనిషికే చెప్తున్నానని నాకే నవ్వొచ్చింది.