పుర్రచేతి కత్తి

కత్తి కొనడానికి వెళితే, కొట్టాయన నా చెయ్యి మార్చి పంపాలని చూశాడు. కోయంబత్తూరులో హోటళ్లకు వంట సామాను అమ్మే కొట్టు అది. ముల్లు తీసిన చేపను పలుచగా కోసే పొడవాటి జపాను కత్తి అడిగాను. దానికి ఒక పక్కనే పదును ఉంటుంది, రెండో పక్క చదును. ఎడమచేత్తో పట్టి, కొట్టాయన ఇచ్చిన కీరకాయ మీద పెట్టాను. కత్తి పక్కకు లాగింది, ముక్క ఒక అంచున మందంగా, ఇంకో అంచున కాగితంలా వచ్చింది. అది కుడిచేతివాళ్ల కోసం చేసిందట. ఎడమచేతి కత్తి కావాలంటే తెప్పించాలి, ఆలస్యమవుతుంది. "ఇదే ఎడుత్తుకుంగ మేడమ్, పళగీడుం," అన్నాడు. ఇదే తీసుకోండి, అలవాటైపోతుందని.

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. సూలూరులో ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ వింటున్నదే. మా ఇళ్లలో ఎడమచేతిని పుర్రచెయ్యి అంటారు. దానితో వడ్డించకూడదు, సరే. కూర కూడా తరగకూడదని మా అత్త చట్టం. నలుగురితో నారాయణా అని ఇన్నేళ్లూ కుడిచేత్తోనే కోశాను. వేళ్లు తెగాయి. ముక్కలు చూసి, కోడలికి పని రాదన్నారు. రాకపోవడమేమిటి? రానివ్వలేదు. ఎడమచేతి కత్తే తెప్పించమని కొట్టాయనకు చెప్పి వచ్చేశాను.

కత్తి వచ్చాక దాని బాగోగులన్నీ నావే. కోసిన వెంటనే కడిగి, పొడిగా తుడుస్తాను. నిమ్మరసం తడితో వదిలితే మరక పడుతుంది. ఎముక మీద పెట్టను, అంచు పెచ్చులూడుతుంది. వీధిలో చక్రం తిప్పుతూ వచ్చే సానాయనకు ఇవ్వను, రెండు పక్కలా ఒకేలా అరగదీసి పెడతాడు. రాయిని నీళ్లలో నానబెట్టి నేనే నూరుకుంటాను.

మా అత్త కత్తిని చూడలేదు, చేతిని చూసింది.

"పుర్రచేత్తో కోసింది నేను తిననే. నాకు ఇంత చల్లన్నం ఉంటే పోదుం, అదే చాలు," అంది.

"మీ ఇష్టం అత్తా. నేను మాత్రం చెయ్యి మార్చను."

పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం ఆమె. నేనేమీ తక్కువ తినలేదు. కొన్నాళ్లు ఆమె మజ్జిగ అన్నమే తింది. నా భర్త ఇద్దరి మధ్యా గబగబా తిని లేచేవాడు. ముసలావిడను పస్తు పెట్టానని ఊరంతా అనుకుంటుందని నాకూ భయం వేసింది. అయినా మార్చలేదు.

ఒక ఆదివారం వంజరం తెచ్చాం. చేప వేపుడంటే ఆమెకు ప్రాణం. నేను పొయ్యి దగ్గర ఉండగా, తన ముక్కలు తనే కోసుకుందామని నా కత్తిని కుడిచేత్తో పట్టుకుంది. కోసినకొద్దీ కత్తి పక్కకు పోయింది.

"ఏమే ఇది, నా చేతికి రాదే! వంకరగా పోతా ఉంది!"

"రాదు అత్తా. ఈ ఇంట్లో నా చేతికని చేసింది అదొక్కటే."

ఆమె తను కోసిన ముక్కల వంక చూసింది. తర్వాత కత్తి బల్ల మీద పెట్టి పక్కకు జరిగింది.

"సన్నంగా కొయ్యి," అంది.

సన్నంగానే కోశాను. ఎడమచేత్తో.