ఐసు మరకు రావలసిన ఇనుప వాల్వు

మొన్న మంచి ఎండవేళ కాకినాడ బజారులో నడుస్తూ ఒక సోడా కొట్టు ముందు నీడకోసం ఆగాను. కొట్టువాడు ఊకలో పూడ్చి గోనెపట్టా కప్పి ఉంచిన ఐసు దిమ్మను బయటికి లాగి, సుత్తితో ముక్కలు చేసి గ్లాసుల్లో వేస్తున్నాడు. చుట్టూ ఉన్న కుర్రవాళ్ళు అందులో వింతేమీ లేనట్టు తాగి వెళ్ళిపోతున్నారు. మన ఈడువారికి ఐసును మొదటిసారి ముట్టుకున్న రోజు గుర్తుండే ఉంటుంది. కాలిందనుకుని చెయ్యి వెనక్కు లాక్కున్నవాళ్ళమే అందరం. నాకు దాన్ని చూస్తే మా అన్నయ్య గుర్తొస్తాడు. గుర్తొస్తాడు గాని, మనసులో ఏమీ కదలదు. అది ఎప్పటినుంచో చెబుతాను.

మా నాన్న రేవులో పడవ నడిపేవాడు. చేపల వేట లేని రోజుల్లో, దూరాన లోతు నీళ్ళలో లంగరు వేసిన పొగ ఓడల నుంచి సరుకును ఒడ్డుకు చేర్చడం మా వాళ్ళ పని. అన్నయ్యకు సముద్రం మీద కన్నా ఇనుము మీద మక్కువ ఎక్కువ. పడవలకు మరమ్మతులు చేసే కార్ఖానాలో చేరి ఫిట్టరు పని నేర్చాడు. నన్ను మాత్రం పట్టుబట్టి బడికి పంపించాడు. తరవాత ఊళ్ళో ఒక షావుకారుగారు దొరల సీమ నుంచి మర తెప్పించి ఐసు కార్ఖానా పెట్టినప్పుడు, అన్నయ్యను మేస్త్రీగా, ఇంగ్లీషు నాలుగు ముక్కలు రాయగలనని నన్ను గుమాస్తాగా పెట్టుకున్నారు.

మరలో ఏదైనా అరిగినా విరిగినా దాని బదులు మరొకటి తెప్పించడం నా పని. ఆ రోజుల్లో భాగాల మీద నంబర్లు ఉండేవి కావు. విరిగిన ముక్కను కాగితం మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీత గీసేవాళ్ళం. అన్నయ్య మందం, రంధ్రం వెడల్పు కొలిచి చెబుతూ ఉంటే నేను రాసేవాణ్ణి. చివర అది ఏ లోహమో, మరలో ఏ చోట కూర్చుంటుందో, అక్కడ ఏం పని చేస్తుందో కూడా చెప్పేవాడు. పిల్లను ఎన్నడూ చూడని పెళ్ళివారికి పోలికలు చెబుతున్నట్టుందిరా అని నవ్వేవాడు. ఆ పని చేసేటప్పుడు మా ఇద్దరికీ లోకం పట్టేది కాదు. నా జీవితంలో నేను సంతోషంగా ఉన్నానని ఇప్పటికీ నిస్సందేహంగా చెప్పగలిగినవి ఆ గంటలే.

ఒక వేసవిలో మరలోని వాల్వు చీలింది. నీళ్ళను గడ్డకట్టించే ఘాటు గాలిని ఒకవైపే పోనిచ్చి వెనక్కు రానివ్వని ఇనుప మూత అది. ఎప్పటిలాగే గీసి, కొలిచి, ఇనుముదే కావాలని స్పష్టంగా రాసి మద్రాసుకు పంపాం. ఓడలో పెట్టె వచ్చింది. విప్పి చూస్తే కొలత వెంట్రుకవాసి తేడా లేదు గాని, లోహం ఇత్తడి. ఇనుముది తమ దగ్గర లేదనీ, సీమ నుంచి రావాలనీ, అందాకా దీన్ని వాడుకోమనీ రాశారు. అన్నయ్య దాన్ని అరచేతిలో బరువు చూసి పక్కన పెట్టేశాడు. ఈ గాలి ఇత్తడిని తింటుందని, పైకి మెరుస్తూనే లోపల పగులు పడుతుందని నాకు చెప్పాడు. ఇనుముదాని కోసం మళ్ళీ రాశాను. మర ఆగే ఉంది.

అంతలో ఊళ్ళో జ్వరాలు ముదిరాయి. మా వీధిలోనే ఇంటికొకరు పడ్డారు. ఆస్పత్రి డాక్టరుగారు స్వయంగా కార్ఖానాకు వచ్చి, ఒళ్ళు కాలిపోతున్నవాళ్ళ తలమీద పెట్టడానికి కాస్త ఐసు దొరికితే చాలునని అడిగారు. షావుకారుగారు అన్నయ్యవైపు తిరిగారు.

“నడపమని నేను చెప్పను మేస్త్రీ. అందులో ఏముందో నీకే తెలుసు,” అన్నారు.

అన్నయ్య ఇత్తడిదాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. “కొద్దిరోజులు తట్టుకుంటుందండి. రోజూ విప్పి చూసుకుంటానండి. పగులు కనిపించిన రోజున ఆపేద్దాం,” అన్నాడు.

అన్నట్టే రోజూ విప్పి, తుడిచి, వెలుతురుకు పెట్టి చూసేవాడు. ఐసు ఆస్పత్రికి వెళ్ళింది. మా వీధికీ వచ్చింది. దానివల్ల ఎవరు బతికారో, ఎవరికి పనికిరాలేదో నేను చెప్పలేను. ఒకనాటి ఉదయం విప్పి చూసినప్పుడు ఏమీ కనిపించలేదు. మర నడుస్తుండగా అన్నయ్య వంగి చప్పుడు వింటున్నప్పుడు ఆ వాల్వు పగిలింది. ఘాటు గాలి సూటిగా అతని కళ్ళల్లో కొట్టింది. నీళ్ళతో కడుగుతూనే ఎడ్లబండి మీద ఆస్పత్రికి తీసుకువెళ్ళాం. ఏ డాక్టరుగారు ఐసు కోసం వచ్చారో ఆయనే చూశారు. బయటికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, చూపు ఇక రాదన్నారు.

నేను ఏడవలేదు. వదిన ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నాను. మర్నాడు కార్ఖానాకు వెళ్ళి, పగిలిన వాల్వుతో పాటు పాడైన గొట్టం ముక్కను కాగితం మీద పెట్టి, చుట్టూ గీత గీసి, కొలతలు రాశాను. చెప్పే గొంతు లేకపోవడం తప్ప పనిలో తేడా ఏమీ లేదు.

వానలు పట్టాక ఇనుప వాల్వు వచ్చింది. రేవుకు వెళ్ళి పెట్టె విడిపించుకున్నాను. తిన్నగా కార్ఖానాకు పోవలసింది, కాళ్ళు ఇంటివైపు నడిచాయి. అన్నయ్య అరుగు మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. వాల్వు అతని చేతిలో పెట్టాను. దానికి పూసిన కొవ్వును పంచె కొంగుతో తుడిచి, అంచు వెంట బొటనవేలు నడిపించి, రంధ్రంలో చిటికెనవేలు పెట్టి చూసి, గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“ఇదేరా తమ్ముడూ,” అన్నాడు. “ఇదే మనం అడిగింది.”

ముఖంలో కోపం లేదు. వస్తువు సరైనది వచ్చిందన్న తృప్తి ఉంది. వదిన లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ క్షణాన నాకు గుండె పగలాలి. పగలలేదు. కొవ్వు అంటిన అతని వేళ్ళు తుడిచి, వాల్వు తీసుకుని కార్ఖానాకు వెళ్ళాను. కొత్త మేస్త్రీ దాన్ని బిగించాడు. సాయంత్రానికి ఐసు కట్టింది. దిమ్మ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాను. అందరూ వింతగా చెప్పుకునే ఆ చురుకు కూడా నాకు తెలియలేదు.

ఆ తరవాత అన్నయ్య చాలా ఏళ్ళు బతికాడు. విరిగిన భాగాలను నేను ఇంటికి తెస్తే, తడిమి చూసి చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. పూర్వంలాగే నవ్వేవాడు కూడా. అతను పోయిన రోజున నా కళ్ళు తడవకపోవడం చూసి చుట్టాలు నన్ను రాతిమనిషి అన్నారు.

ఇప్పుడు ప్రతి భాగం మీదా నంబరు అచ్చుగుద్ది ఉంటుంది. సీమవాళ్ళ పుస్తకంలో బొమ్మ చూసి నంబరు రాస్తే చాలు, విరిగిన ముక్కను ఎవరూ చేతిలోకి తీసుకోనక్కరలేదు. మద్రాసులో ఇప్పుడు అన్ని భాగాలూ నిలవ ఉంటాయి, రైల్లో ఇట్టే దిగుతాయి. ఈ సౌకర్యం ఆ వేసవిలోనే ఉండి ఉంటే మా అన్నయ్య తన కూతురు పెళ్ళికూతురైనప్పుడు కళ్ళారా చూసుకునేవాడని మా ఇంట్లో అప్పుడప్పుడు అనుకుంటారు. నిజమేనని నేనూ అంటాను. ఆ మాట వెనుక రావలసిన దుఃఖం కోసం కాసేపు ఎదురుచూస్తాను. అది రాదు. ఎవరో భోజనానికి పిలుస్తారు, లేచి వెళతాను.