వంటింట్లో జరిగిన అమ్మకం

పెళ్ళాన్ని సంతలో అమ్మేవారని చదివినప్పుడు నేను నమ్మలేదు. పుస్తకం మూసి, నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చదివాను. అదే వాక్యం. ఏ మారుమూల దేశంలోనో కాదు, లోకానికంతా మర్యాద నేర్పామని చెప్పుకునే ఇంగ్లండులో! ఛీ, వీళ్ళ మర్యాద మండ!

అప్పుడు నేను దుబాయ్ దగ్గర అజ్మాన్‌లో ఒక స్కూల్లో పై తరగతులకు ఇంగ్లిష్ చెప్పేదాన్ని. కరోనా గొడవ సద్దుమణిగి, పిల్లలు మాస్కులు తీసి మళ్ళీ బడికొస్తున్న రోజులు. జార్జియన్ యుగంలో ఆడవాళ్ళ బతుకులు, రాతలు, జానపదాలు అని ఒక పాఠం నా నెత్తిన పడింది. జార్జి పేరున్న రాజులు ఒకరి తరవాత ఒకరు ఏలిన కాలమది, రెండు మూడు వందల ఏళ్ళ నాటి మాట. గౌన్లు, గుర్రపు బళ్ళు, టీ పార్టీలు చెప్పి గట్టెక్కేద్దాం అనుకున్నాను. చదవడం మొదలుపెట్టాక కదా తెలిసింది.

మా ఫ్లాటులో మూడు గదులు, మూడు సంసారాలు, అందరికీ కలిపి ఒకటే వంటిల్లు. ఒక గదిలో నేనూ మా ఆయనా. రెండో గదిలో కడప నుంచి వచ్చిన ముస్లిం పెద్దావిడ, కొడుకుతో ఉండేది. ఒంటరిగా ఉండే మగవాళ్ళకు టిఫిన్ డబ్బాలు కట్టి పంపేది. అందరం ఆవిడను ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేవాళ్ళం. మూడో గదిలో జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. ఆ అమ్మాయి మొగుడు జెబెల్ అలీలో ఒక గోడౌన్‌లో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపేవాడు. వారమంతా అల్ వర్సాన్‌లో కంపెనీ క్యాంపులో ఉండి ఆదివారం మాత్రం వచ్చి భోంచేసి పడుకుని పోయేవాడు.

ఏ పాఠమైనా ముందు వంటింట్లో చెప్పి చూసుకోవడం నాకు అలవాటు. ఖాలా ఉల్లిపాయలు తరుగుతుంటే, ఆ అమ్మాయి పప్పు కడుగుతుంటే నేను మొదలుపెట్టేదాన్ని. ఇంగ్లిష్‌లో ఎంత బాగా అర్థమైందనుకున్నా, తెలుగులో వాళ్ళకు చెప్పబోయేసరికి నాకెంత తెలుసో బయటపడేది.

"పెళ్ళయిన ఆడదానికి సొంతమంటూ ఏమీ ఉండేది కాదు ఖాలా. ఆమె పుస్తకం రాస్తే వచ్చిన డబ్బు కూడా మొగుడిదే," అన్నాను.

"రాసిందేమో ఆమె, దుడ్లేమో వానికా? యా ఊరి న్యాయంబ్బా ఇది!" అంది ఖాలా.

"పేరు వేసుకుంటే పరువు పోతుందని చాలామంది పేరు కూడా వేసుకునేవారు కాదు. ఒక స్త్రీ రాసినది, అని అంతే."

తరవాత అమ్మకం సంగతి చెప్పాను. మొగుడే పెళ్ళాం మెడకు పలుపు తాడు కట్టి, పశువుల్ని తోలుకెళ్ళినట్టు సంతకు నడిపించుకెళ్ళి, నలుగురి ముందూ వేలం వేసేవాడు. ఎవడో ఒకడు కుండెడు బీరుకు కూడా ఇచ్చేశాడట. జనం వాటి మీద పాటలు కట్టి వీధుల్లో పాడుకునేవారట. చట్టం ఒప్పుకోలేదు, కానీ నలుగురూ చూస్తుండగా తాడు చేతులు మారితే ఆ పెళ్ళి తెగినట్టేనని పేదవాళ్ళు గట్టిగా నమ్మేవారు. కోర్టులో విడాకులు డబ్బున్న దొరలకే కదా. ఒక్కోసారి ఆ ఆడమనిషే, ఈ మొగుడి పీడ వదిలితే చాలని ఒప్పుకుని వెళ్ళేదట.

"తూ! వాళ్ళ నోట్లో మన్ను బడ!" అని ఖాలా కత్తి పక్కన పెట్టేసింది.

ఆ అమ్మాయి మాత్రం పప్పులోంచి చెయ్యి తియ్యకుండా అడిగింది. "తాడు ఇంకొకల చేతికిచ్చినంక మొగనికి ఆమె మీద హక్కుండదా అక్కా? నలుగురు సూస్తే సాలా?"

"చాలని వాళ్ళ నమ్మకం," అన్నాను. ఊరికే అడుగుతోంది అనుకున్నాను నేను.

ఆ అమ్మాయికి కుట్టుపని బంగారంలా వచ్చు. మా వీధి చివర లేడీస్ టైలర్ షాపులో పనిస్తామన్నారు. కానీ తను ఉన్నది మొగుడి వీసా మీద. అలా ఉన్న భార్య పనిలో చేరాలంటే నాకు అభ్యంతరం లేదని మొగుడు సంతకం పెట్టాలన్నారు షాపు వాళ్ళు. ఆ కాగితాన్ని ఇక్కడ అందరూ ఎన్‌ఓసీ అంటారు. ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు నేనే టైపు చేసిచ్చాను. అతను పెట్టలేదు. "పెండ్లాం సంపాదన తింటున్నడని క్యాంపుల నవ్వుతరు," అన్నాడు. ఇంట్లో ఉప్పు అయిపోతే కూడా ఆ అమ్మాయి ఆదివారం దాకా ఆగాలి. సోమవారంలోగా కాగితం తేకపోతే వేరే ఆమెను పెట్టుకుంటామని షాపు వాళ్ళు చెప్పేశారు. ఆ వారమంతా ఆ అమ్మాయి సరిగా అన్నం తినలేదు.

ఆదివారం మధ్యాహ్నం అతను వచ్చి వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఖాలా పెట్టిన బగారన్నం తింటున్నాడు. నేను సాంబారు కలుపుతున్నాను. ఆ అమ్మాయి గదిలోంచి వచ్చి, వేసుకున్న చున్నీని మెడ చుట్టూ తిప్పి ముడేసి, కొస తెచ్చి అతని ఎడమ చేతిలో పెట్టింది.

"ఖాలా ఉన్నది, అక్క ఉన్నది. ఈళ్ళ ముందర నన్ను అమ్మెయ్యి. నీ తిప్పలు పోతయ్, నా తిప్పలు పోతయ్," అంది.

ఓరి భగవంతుడా, పాఠం చెప్పిన పాపానికి కొంప ముంచానా అనుకున్నాను. అతను నోట్లో ముద్దతో నా వైపు చూసి, "ఏందక్కా గిది?" అన్నాడు. తడబడుతూ నాలుగు మాటల్లో చెప్పాను, ఇంగ్లండు, సంత, తాడు. చెప్తూనే అతని చేతి వైపు చూస్తున్నాను. కొడతాడేమో, అడ్డం పడాలి అని నా భయం.

ఖాలాకు కోపం నషాళానికెక్కింది. అతనికి బుద్ధొచ్చేలా అనాలని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "నేను కొంటా! నెల దినాలు నీకు ఊరికే డబ్బా పంపుతా. సాలునా నీ పెండ్లానికి ఆ రేటు?"

సిగ్గున్నవాడెవడైనా ఆ మాటకు తల దించుకుని లేచిపోతాడు. అతను ముద్ద మింగాడు. కాస్త ఆలోచించాడు.

"రెండు పూటలనా?" అన్నాడు.

నా చేతిలో గరిట సాంబారులోకి జారిపోయింది. వేళాకోళమేమో అని అతని ముఖం వెతికాను. మూతి మీద నవ్వు లేదు, కళ్ళలో కోపం లేదు. క్యాంపు మెస్సులో నీళ్ళ పప్పు తిని విసిగిపోయిన మనిషికి మంచి బేరం తగిలిందంతే. అంతకు మించి ఆ ముఖంలో నాకేమీ కనబడలేదు.

"రెండు పూటలా పంపుతా," అంది ఖాలా. నడుం మీది చేతులు దించేసింది.

"శుక్రవారం బిర్యానీ వెడతవా?"

"పెడతా."

"గట్లయితే తీస్కపో," అని చున్నీ కొస ఖాలా చేతికిచ్చి, మళ్ళీ కంచంలో చెయ్యి పెట్టాడు.

ముందు తేరుకున్నది ఖాలానే. "యల్లా, ఆ కాగితం తే పాపా!" అని నన్ను అరిచింది. పరుగెత్తి తెచ్చాను. అతను చెయ్యి కడుక్కుని, గోడకు ఆనించి సంతకం పెట్టేశాడు. వారాల తరబడి ఇజ్జత్ పోతుందని ముట్టని కాగితం! "రేపటిసందే షురూ చేస్తవు కదా ఖాలా? మా క్యాంపు గేటుకాడ నా పేరు చెప్తే చాలు," అన్నాడు. చెప్పులేసుకుని, బస్సు టైమైందని వెళ్ళిపోయాడు.

తలుపు పడగానే నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. కోపంలోంచి నవ్వొచ్చింది. "గెలిచామే! ఖలాస్! రేపు పొద్దున్నే షాపుకెళ్దాం, నేనూ వస్తాను," అన్నాను. ఖాలా, "వాని మొగానికి బిర్యానీ గూడానా, ఉప్పేసి పంపిస్తా చూడు!" అని తిట్టింది. తిడుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ అమ్మాయి నిలబడ్డ చోటనే నిలబడి ఉంది. మెడ దగ్గర ముడి బిగుసుకుపోయింది. విప్పబోతే నా వేళ్ళకు పట్టు దొరకడం లేదు. కాగితం చేతిలో పెడితే చూడను కూడా చూడలేదు.

"ఏడుస్తావేంటే? నువ్వు అడిగింది ఇదేగా! సంతకం వచ్చిందిగా!" అన్నాను.

"సిగ్గువడి సంతకం వెడతడనుకున్న," అంది. "డబ్బా ఎప్పటిసంది వస్తదని అడిగిండు. నేనెటు పోతనని అడగలేదక్కా."