వికారాబాద్‌లో మా గేటు ఏది?

ఈ రోజు వికారాబాద్‌లో చూసిన ఇల్లు నాకు నచ్చలేదని మా అబ్బాయి ఇందాక ఈ చుట్టాల గ్రూపులో రాశాడు. తప్పు. ఇల్లు బాగుంది, అద్దె హైదరాబాద్ కార్వాన్‌లో మేం కట్టేదాంట్లో సగం. నాకు భయమేసింది, అంతే.

మా వాళ్లు ఆ ఇంటి ఓనరుతో మాట్లాడుతుంటే నేను తమలపాకుల కోసం వీధి చివరి దుకాణానికి వెళ్లాను. తిరిగి వస్తే అన్నీ ఒకే రకం గేట్లు. అటూ ఇటూ తిరుగుతుంటే ఒకామె అడిగింది.

“ఏందవ్వా, ఎవలింటికి?”

“మా ఇంటికే బిడ్డా.”

“గదేడుంది మరి?”

“గదే తెల్వక తిరుగుతున్న. మీ ఇండ్లన్నీ కాపీ కొట్టిన పరీక్ష పేపర్ల లెక్కనే ఉన్నయ్.”

ఆమె నవ్వింది. మనవరాలు బయటికొచ్చి పిలిస్తే గానీ గేటు దొరకలేదు.

కార్వాన్‌లో నేను కళ్లతో నడవడం లేదని అప్పుడు తెలిసింది. పిండిగిర్నీ చప్పుడు వింటే ఎడమకు, సమోసాల వాసన వస్తే కుడికి తిరుగుతున్నాను. ఏడాదిగా చూపు మసకబారుతోందని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కొత్త దారులు నేర్చుకునేంత చూపు మిగిలిందో లేదో తెలియదు. కార్వాన్‌లోనే ఉంటే పెంచిన అద్దె కట్టలేము. మీరైతే దేనికి ఎక్కువ భయపడతారు? ధైర్యం చెప్పేవాళ్లు మాత్రం దయచేసి రాయకండి.

వికారాబాద్ ఓనరుకు ఆదివారం జవాబివ్వాలి. నాయనా, రేపు పొద్దున కళ్ల దవాఖానలో నా పేరు మీద చీటీ రాయించు. ఆధార్ కార్డు టీవీ కింది అరలో ఉంది.