రొయ్యల గుంట దగ్గర అడగకూడని ప్రశ్నలు

నేను సినిమాలకు కథలు రాస్తాను. పెద్ద పోరాటాలు నాకు చేతకావు. ఇద్దరు మనుషులు, ఒక వంటగది ఉంటే చాలు. నెల్లూరులో మా అమ్మ జాకెట్లు కుట్టేది. కొలతలిస్తూ ఆడవాళ్లు చెప్పుకునే కష్టసుఖాలు వింటూ పెరిగాను. అందుకే ఎవరి దగ్గరికెళ్లినా నిద్ర పట్టిందా, అన్నం తిన్నారా అనే మొదలుపెడతాను. ఈసారి రొయ్యలు పెంచే దంపతుల కథ రాద్దామని తోటపల్లి గూడూరు బయలుదేరాను.

పొద్దున్నే నెల్లూరులో బస్సెక్కితే గంటలోపే దిగాను. అక్కడి నుంచి గుంటల దాకా ఆటోకు నూట యాభై. ఎవరి తాలూకు అని డ్రైవరు దారంతా ఆరా తీశాడు, సినిమా అంటే నమ్మలేదు. తెలిసినవాళ్లతో చెప్పించుకుని వెళ్లినా, రైతు భార్య రమణమ్మ నన్ను గట్టు మొదట్లోనే ఆపి బ్లీచింగ్ నీళ్లతో కాళ్లు కడిగించింది. బయటివాళ్ల కాళ్లతో తెగులొస్తుందని ఇక్కడ అందరూ చేసే పనే.

షెడ్డులో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. రాత్రి నిద్ర పట్టిందా అన్నాను. "ఎందుకు?" అంది. మీ ఆయన తిన్నారా అన్నాను. పక్కనే మూత తీయని క్యారియర్ ఉంటే దాన్ని వెనక్కి నెట్టింది. ఈమె ఏదో దాస్తోందని నాకూ అనుమానం పట్టుకుంది. అంతలో ఆమె భర్త నీళ్లలోంచి మేత ట్రే పైకి లాగాడు. వేసిన మేత వేసినట్టే ఉంది. రొయ్య మేత ముట్టలేదంటే జబ్బు పడ్డట్టేనని నెల్లూరోళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను చూశానని రమణమ్మకు తెలిసిపోయింది.

"నిన్ను కొనేవోళ్లు పంపినారా అక్కా? ఇది బయట పడితే సగం రేటుకి అడగతారు. రేపు రొయ్యలు పట్టి అమ్మేదాకా, పట్టుబడి అయ్యేదాకా ఎవురికీ చెప్పబాక."

ఎవరూ పంపలేదంటే నమ్మలేదు. నాకు కోపమొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. గుంట బాగుందో లేదో కూపీ లాగే వేగులవాడు వచ్చినా సరిగ్గా ఈ నిద్రా తిండీ ప్రశ్నలే అడుగుతాడు.

బస్సు కోసం టీ కొట్టు దగ్గర నిలబడితే, రొయ్యలు కొనేవాడొకడు వచ్చి నవ్వుతూ పలకరించాడు. రమణమ్మోళ్ల గుంట కాడ ఏమన్నా చూశానా అని అడిగాడు. "నన్ను ఆడ నిలబడనీలేదన్నా" అన్నాను. అతనూ నమ్మలేదు. బస్సు కదిలేదాకా నన్నే చూస్తున్నాడు.

రెండు రోజులకు రమణమ్మ ఫోన్ చేసింది. పట్టుబడి అయిందట, రేటు బాగానే వచ్చిందట. "కొనేవోడు అడిగినా నువ్వు చెప్పలేదని టీ కొట్టాయన అన్నాడు. ఊరికే ఎవురూ నోరు మూసుకోరక్కా. నీకేం కావాల?" అంది. ఏమీ వద్దనబోయి ఆగిపోయాను. కథ కావాలనే కదా వెళ్లింది. మనుషుల లోపలి సంగతులు రాయడం మంచి పనే అనుకునేదాన్ని, ఇప్పుడు అంత ధీమా లేదు. మీరు అటు వెళ్లాలనుకుంటే పట్టుబడి అయ్యాకే వెళ్లండి. ఏం కావాలని అడిగితే చెప్పడానికి నిజమైన జవాబొకటి వెంట పెట్టుకోండి. నా దగ్గర అది లేదు.