క్రాసింగ్ కాలం

కొత్త పుస్తకాలు, కొత్త బోధన పద్ధతి వచ్చినప్పుడు బడులు తిరిగి, టీచర్ల పక్కన కూర్చొని పాఠం ఎట్లా నడపాలో చూపించడం కృప పని. కాంట్రాక్టు నౌకరి. అయిజ చుట్టుపక్కల పల్లెల బడులు ఆమెకు అప్పగించారు. తల్లీతండ్రీ కూలీలు. కృప కూడా చిన్నప్పుడు విత్తనాల కోసం పెంచే సీడు పత్తి చేన్లలో, పువ్వుకు పువ్వు కలిపే క్రాసింగుకు పోయింది. సాయంత్రం మొగ్గలు ఒలవాలి, తెల్లారి మగ పువ్వు తెచ్చి రుద్దాలి. చిన్న వేళ్లయితే మొగ్గ నలగదని రైతులు పిల్లల్నే అడుగుతారు. అట్లా బడి పోయి ఆమె ఐదో తరగతి రెండుసార్లు చదివింది.

చాలా బడుల్లో ఆమెను చూడగానే ఆఫీసుకు పంపడానికి మళ్లీ ఫొటోలా అని విసుక్కునేవారు. ఒక పల్లె బడిలో లక్ష్మణ్ సారు మాత్రం కుర్చీ వేసి, చెప్పమనేవాడు. కొత్త పద్ధతిలో అక్షరం కంటే ముందు మాట. పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషతోనే పాఠం మొదలుపెట్టాలి. చేతులు కట్టుకొని కూర్చునే పిల్లలు కొద్ది వారాల్లోనే లేచి మాట్లాడటం మొదలుపెట్టారు. నాలుగో తరగతి సింధూజ అయితే ఆపితే గాని ఆగేది కాదు. మీటింగుల్లో కృప ఆ బడి గురించే చెప్పేది.

ఆగస్టులో పోయేసరికి తరగతి సగం ఖాళీ. జ్వరాలేమో అన్నాడు లక్ష్మణ్, చూపు తిప్పుకొని. కృపకు అది ఏ కాలమో తెలుసు. ఊరి బయట బండి ఆపి గట్టు వెంట నడిచింది. పత్తి చెట్ల మధ్య సింధూజ కనిపించింది. ఎవరి చేను అని అడిగింది.

"మన సారుదే మేడం. కౌలుకు పట్టిండు" అంది ఆ పిల్ల సంబరంగా. "తప్పు చేసినా తిట్టడు."

కృప మళ్లీ బడికి వచ్చి అడిగితే లక్ష్మణ్ దాచలేదు.

"నేను పిలువలే. అమ్మానాయినలే తోలిండ్రు. నా చేనుకు రాకుంటే ఇంకొకని చేనుకు పోతరు. నేనైతే జర నీడకు కూసోనిస్త."

మండల ఆఫీసులో చెప్పింది. పాఠాలు చూడటమే నీ పని, చేన్లు చూడటం కాదన్నాడు అక్కడి అధికారి. బడులు చూడటానికి పైనుంచి బృందం వస్తోంది, చూపించుకోవడానికి మనకున్నది ఆ ఒక్క బడి, దాన్ని పాడుచేయొద్దన్నాడు. పిల్లను చేనుకు పంపొద్దని చెప్పడానికి కృప సింధూజ తల్లి కిష్టమ్మ దగ్గరికి కూడా పోయింది. ఆమె గొంతు పెంచలేదు.

"నువ్వూ గా చేన్లలకెంచే వస్తివి గద బిడ్డా. మమ్ముల అడగొస్తివా?"

కృప బండి తీసుకొని వచ్చేసింది.

దసరా తర్వాత బృందం వచ్చింది. క్రాసింగ్ అయిపోయింది, తరగతి నిండింది. ఆ రోజు పాఠం ఊరి పనుల మీద. సింధూజ లేచి మొగ్గ ఎట్లా పట్టాలో, ఏ వేలుతో ఒలవాలో, మందు కొట్టిన తెల్లారి చేతులు ఎట్లా మండుతాయో తడబడకుండా చెప్పింది. ఎంత చక్కటి భాష అన్నారు వచ్చినవాళ్లు. ఫోన్లలో వీడియో తీసుకొని చప్పట్లు కొట్టారు.

వెనక గోడ దగ్గరున్న కృప ముందుకొచ్చింది. "సార్, ఈ పిల్ల చెప్పింది పాఠం కాదు. బడి మాని చేసిన పని. ఈ సారు చేన్లనే."

లక్ష్మణ్ తల దించుకున్నాడు. బృందంలో పెద్దాయన చూద్దాం అన్నాడు. భోజనాలు సిద్ధమని అధికారి అందరినీ బయటికి తీసుకుపోయాడు.

వారం తిరక్కుండానే కృపను బీచుపల్లి వైపు బడులకు మార్చారు. లక్ష్మణ్‌కు ఉత్తమ ఉపాధ్యాయుడని శాలువా కప్పారు. తర్వాతి ఏడాది కూడా అతను చేను వదల్లేదు, ఆగస్టులో సింధూజ బడికి రాలేదు.

ఆ పిల్ల మాట్లాడిన వీడియో మాత్రం శిక్షణ తరగతులన్నిటికీ మాదిరి పాఠంగా వచ్చింది. కృప గొంతు వినిపించే చోటికి ముందే దాన్ని కత్తిరించారు. కొత్త బడుల టీచర్లకు దాన్ని వేసి చూపించాల్సింది కృపే. మొదటిసారి వేసినప్పుడు ఒక టీచరమ్మ, ఈ పిల్లకు ఇంత బాగా ఎవరు నేర్పారు మేడం అని అడిగింది. మిగతావాళ్లు పెన్నులు పట్టుకొని ఎదురుచూస్తున్నారు.

చేను మాట ఎత్తకుండా, తానే నేర్పానని చెప్పింది కృప.